సీబ్‌లో విన్న పెద్దగురువు కథ

దాదాకు పక్షవాతంతో కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట సగానికి పైగా పోయింది. పోయిన మాటలో ఎంతోకొంత వెనక్కి తేవడమే నా పని అని ఆ ఇంట్లో చేరిన రోజున చెప్పారు. మస్కట్ విమానాశ్రయానికి దగ్గరగా, సీబ్‌లో, రెండంతస్తుల తెల్లని విల్లా అది. రెండు వేల ఎనిమిది మొదట్లో, అక్కడి చలికాలం అయిపోతున్న రోజుల్లో నేను ఆ గేటు లోపల అడుగుపెట్టాను.

నేను ఏఎన్ఎం కోర్సు చేసి తణుకు దగ్గర ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆరేళ్లు పనిచేశాను. క్లినిక్‌లో ఉద్యోగమని చెప్పి ఏజెంటు నన్ను ఒమన్ పంపించాడు. దిగాక చూస్తే నాది ఇంటిపని మనిషి వీసా. అది ఎవరి పేరు మీద ఉంటే అతన్ని కఫీల్ అంటారు. పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంటుంది. అతను సంతకం పెట్టి వదిలితే తప్ప ఇంకొకరి దగ్గర పని చేయకూడదు. నా కఫీల్ బర్కా వైపు మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి, హిందీ బాగానే మాట్లాడేవాడు. అతని ఇంట్లో నాతో అవసరమేమీ లేదు. తెలిసినవాళ్లింట్లో ముసలాయనకు నర్సు కావాలంటే, ఆర్నెల్లు ఉంచుకోండని నోటిమాట మీద నన్ను తన కారులోనే తెచ్చి దింపి వెళ్లాడు. కాగితమంటూ ఏమీ రాసుకోలేదు.

ఇంటాయన ఒమనీ. వయసులో ఉండగా బల్గేరియా వెళ్లి ఇంజనీరింగ్ చదివి, అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకుని వచ్చారట. ఆమెను నేను మేడమ్ అనేదాన్ని. మంచంలో ఉన్నది ఆమె తండ్రి. భార్య పోయి ఒంటరిగా ఉన్నచోట జబ్బు చేస్తే కూతురు తన దగ్గరికి తెచ్చుకుంది. పిల్లలు ఆయన్ని డ్యాదో అని పిలిచేవాళ్లు. వాళ్ల భాషలో తాత అని అర్థం. నా నోట్లో అది దాదా అయింది. ఆయన అభ్యంతరం చెప్పలేదు, చెప్పడానికి మాట కూడా లేదు.

నలభై ఏళ్లు హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి. మొదటి రెండు వారాలు నీళ్లు, నొప్పి, వద్దు, ఈ మూడు మాటలతోనే గడిపారు. వారానికోసారి వచ్చే ఫిజియోథెరపిస్టు నాతో చెప్పింది. "రోజూ ఒక గంట మాట్లాడించు. ఏదైనా సరే, ఆయనకు ఇష్టమైనది. మాట దొరక్క వెతుక్కుంటుంటే నువ్వు అందించకు. ఎంతసేపైనా కాచుకుని కూర్చో."

ఆయన మంచానికి ఎదురుగా గోడ మీద చిన్న చెక్క పటం ఒకటి ఉండేది. పొడవాటి గడ్డం, భుజాల మీద శిలువ గుర్తులున్న తెల్లని పట్టీ, చేతిలో మూసిన పుస్తకం. మేము చర్చికి వెళ్లేవాళ్లమే గానీ మా చర్చిలో పటాలు ఉండవు. ఒకరోజు మధ్యాహ్నం, ఇల్లంతా భోజనాలు చేసి నిద్రపోతుంటే, "ఎవరు దాదా ఈయన?" అని అడిగాను.

ఆయన పటం వైపు చాలాసేపు చూశారు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఏసీ చప్పుడు వింటూ కూర్చున్నాను.

"మా... ఊరు," అన్నారు చివరికి ఇంగ్లీషులో. "చాలా దూరం... పోయాడు."

అలా మొదలైంది. రోజూ భోజనాల తర్వాత గంట. ఒక్కోరోజు గంటలో నాలుగు వాక్యాలే వచ్చేవి. మాట దొరక్కపోతే ఎడమచేత్తో దుప్పటి మీద నదులు, దార్లు, కోటగోడలు గీసేవారు. గీసింది నాకు అర్థమైతే తల ఊపేవారు, కాకపోతే మళ్లీ గీసేవారు. ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని నేను ఇప్పుడు వరసగా చెబుతున్నాను గానీ, అప్పుడు అదంతా వినడానికి నాకు కొన్ని నెలలు పట్టింది.

ఆరువందల ఏళ్ల కిందటి మాట. ఆర్థడాక్స్ క్రైస్తవుల్లో ఒక సన్యాసి. దాదా వాళ్ల ప్రాంతం వాడేనని అక్కడ చెప్పుకుంటారు. కొండల మీది మఠాల్లో చదువుకుని, ఆ సంఘానికంతటికీ పెద్ద అయిన మహాగురువు దగ్గర కొలువుకు చేరాడు. ఉత్తరాన, ఇప్పటి రష్యా ఉన్నచోట, ఇద్దరు రాజులు ఒకరంటే ఒకరికి పడక కొట్టుకుంటున్నారు. ఇద్దరి ప్రజలకూ కలిపి ఒకే గురుపీఠం. దాని మీద ఉన్న పెద్దాయన ఒక రాజు పక్షాన మాస్కోలో ఉంటున్నాడు కాబట్టి రెండో రాజు తనకు వేరే గురువు కావాలని పట్టుబట్టాడు. తగవు తీర్చమని మహాగురువు ఈ సన్యాసిని పంపాడు. చివరికి ఈయన్నే రెండో రాజు దేశానికి పెద్దగురువును చేశాడు. మాస్కోలో ఉన్న ముసలాయన పోయాక మొత్తం పీఠం ఈయనకే రావాలని ఏర్పాటు.

అక్కడికి వచ్చేసరికి నేను ఉండబట్టలేకపోయాను. "అయితే తప్పు ఈయనదే కదా దాదా. కుర్చీలో మనిషి బతికుండగానే వెళ్లి పక్కన కూర్చుంటే ఎవరికి నచ్చుతుంది?"

దాదా నవ్వారు. ఆ మనిషి నవ్వగా చూడడం అదే మొదలు. నోరు ఒకవైపే కదిలింది.

"నలభై ఏళ్లు," అన్నారు. "పిల్లలు... ఒక్కరూ... అడగలేదు."

ఆ సాయంత్రం మేడమ్‌ను పిలిచి అదే మాట ఆమెకు వాళ్ల భాషలో చెప్పారట. ఆమె వంటింట్లోకి వచ్చి నా చేతులు పట్టుకుంది. నాన్న పూర్తి వాక్యం మాట్లాడారు అంది.

ఎండలు ముదిరాయి. ఆర్నెల్లు ఎప్పుడు నిండాయో నేను చూసుకోలేదు. కఫీల్ చూసుకున్నాడు. ఒక ఉదయం ఫోన్ చేశాడు.

"సలాలాలో ఇల్లు కుదిరింది. గురువారం వస్తాను. సామాను సర్దుకో."

"ఇక్కడ పెద్దాయన ఇంకా లేవలేదు," అన్నాను హిందీలో.

"అది వాళ్లు చూసుకుంటారు. గురువారం."

సలాలా అంటే మస్కట్ నుంచి పగలంతా బస్సులో ప్రయాణం. పక్క విల్లాలో పనిచేసే కడప అక్క తప్ప నాకు చెప్పుకునే మనిషి లేదు. చెత్త పారేయడానికి వీధి చివరి తొట్టి దగ్గరికి ఇద్దరం ఒకే వేళకు వెళ్లేవాళ్లం. సంగతి విని ఆమె సంచీ కింద పెట్టేసింది.

"నీ కఫీలు సలాలాకు పంపే ఇల్లు ఒగటే, నాకు ఎరికే మే," అంది. "మా ఊరామె ఆడ పన్జేసింది. పదిమంది పిల్లోళ్లు, ఇద్దురు ముసిలోళ్లు. ఫోన్ ఇయ్యరు, బయటికి పంపరు. యాడాదికి కట్టెమాదిరి అయి వచ్చింది. పోవాకు."

"కఫీల్ కదక్కా. పోనంటే ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. ఐనా పోవాకు."

గురువారం మధ్యాహ్నం రెండున్నరకు గేటు దగ్గర హారన్ మోగింది. నేను దాదా గదిలో ఉన్నాను. ఆయన చెప్పే కథలో మాస్కో ముసలాయన చనిపోయాడు, మా పెద్దగురువు పీఠం కోసం బయలుదేరాడు. మాస్కో రాజు దారులన్నిటికీ కాపలా పెట్టించాడు. దాదా దుప్పటి మీద ఒక దారి గీసి, దాని మీద అడ్డంగా గీత పెట్టారు. ఇంకో దారి గీశారు.

హారన్ మళ్లీ మోగింది. మేడమ్ గేటు దగ్గరికి వెళ్లింది. అరబ్బీలో మాటలు పెద్దవయ్యాయి. నా బ్యాగు సర్దే ఉంది, మంచం కింద ఉంది. ఇంతలో అతను నాకు వినబడేలా హిందీలో అరిచాడు, బయటికి రా అని. నేను లేచి నిలబడ్డాను. దాదా నా వైపు చూశారు గానీ ఏమీ అనలేదు, ఉండమనీ అనలేదు, వెళ్లమనీ అనలేదు. ఆ మాట నేను ఖచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత మేడమ్ తన తండ్రే నన్ను ఆపారని అందరితో చెప్పింది. నన్నెవరూ ఆపలేదు. నేనే మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. కారు వెళ్లిపోయిన చప్పుడు వినబడేదాకా నేను దుప్పటి మీది ఆ రెండో దారి చూస్తూనే ఉన్నాను.

మూడు వారాల తర్వాత కడప అక్క గోడ అవతల నుంచి పిలిచింది. నేను అప్పటికే చెత్తతొట్టి దాకా వెళ్లడం మానేశాను.

"నువ్వు పారిపోయినావని పోలీసులకు రాయించినాడంట మే. మా డ్రైవరు చెప్పినాడు. బయటికి రాబాకు. దొరికితే లోపల ఏసి ఇంటికి పంపిస్తారు."

కఫీల్ ఫిర్యాదు చేస్తే అక్కడ మనిషి పేరు మీద 'పారిపోయింది' అన్న మాట పడుతుంది. ఆ మాట పడితే వీసా పోతుంది, ఎవరు ఉంచుకుంటే వాళ్లదీ తప్పే. ఆ రోజు నుంచి కాలింగ్ బెల్ మోగితే చాలు, గ్యాస్ సిలిండర్ వాడైనా, పిల్లల ట్యూషన్ మాస్టారైనా, వచ్చింది ఎవరో తెలిసేదాకా నేను దాదా బాత్రూమ్‌లో నిలబడేదాన్ని.

ఇంట్లో గొడవలు మొదలయ్యాయి. వాళ్లు పోట్లాడుకునేది బల్గేరియా భాషలో. నాకు అర్థం కాదు, కానీ గోడకవతల నా గురించే మాట్లాడుతున్నారని గొంతులను బట్టి తెలిసేది. ఒకరోజు ఇంటాయన నన్ను హాల్లోకి పిలిచి కూర్చోమన్నారు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోమనలేదు.

"చూడమ్మా, నేను చెడ్డవాణ్ని కాను," అన్నారు నెమ్మదిగా, ఇంగ్లీషులో. "కానీ ఇంకొకరి వీసా మీద ఉన్న మనిషిని ఇంట్లో పెట్టుకున్నాను. ఇది నా తప్పు. రేపు వాళ్లు వచ్చి తీసుకెళ్లడం కంటే మనమే వెళ్లడం మంచిది. ఆలోచించు."

ఆ మధ్యాహ్నం దాదా కథలో పెద్దగురువు రెండో దారిలో మాస్కో దాకా వచ్చాడు. రాజుగారి మనుషులు పట్టుకున్నారు. ఒంటి మీది బట్టలు లాగేసి చలిలో, ఆకలితో ఒక గదిలో పెట్టి తాళం వేశారు.

"ఆపండి దాదా," అన్నాను. "నాకు ఇది వద్దు."

ఆయన ఆపేశారు. మరునాడు నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అలా నాలుగు రోజులు. ఐదో రోజు మంచినీళ్లు కావాలని నన్ను పిలవడానికి ఆయనకు మాట దొరకలేదు. గ్లాసు వైపు చూపించి, నోరు తెరిచి, తెరిచిన నోటితో అలాగే ఉండిపోయారు. కళ్లలో భయం కనిపించింది. నా భయంలో పడి నా డ్యూటీ ఎగ్గొట్టానని అప్పుడు తెలిసొచ్చింది. నీళ్లు తాగించి కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"గదిలో తాళం వేశారు. తర్వాత?"

తర్వాత ఆయన్ని వెళ్లగొట్టారు. ఆయన వెంట వచ్చిన సేవకుల మంచి గుర్రాలు లాక్కుని, జీను కూడా లేని బక్క గుర్రాలు ఎక్కించి పంపారు. చొక్కాలు, బూట్లు, టోపీలు కూడా వదల్లేదు. ఆయన అక్కడి నుంచే, అడవిలో ఉండే తన స్నేహితుడైన ఒక సన్యాసికి ఉత్తరం రాశాడు. నన్ను ఇంత చేస్తుంటే మీరందరూ నోరు మూసుకుని చూశారని నిలదీశాడు. ఇందులో చేయి ఉన్నవాళ్లందరినీ సంఘం నుంచి వెలివేస్తున్నానని రాశాడు.

ఆ వారం నేను ఎదురు ప్రశ్నలు వేయలేదు. దాదానే తొందరపడ్డారు. మూడేళ్లకు అదే రాజు ఆయన్ని పిలిపించి, ఊరంతా ఎదురు వస్తుండగా గౌరవంగా పీఠం మీద కూర్చోబెట్టాడు. ఏడాది తిరగలేదు, తూర్పు నుంచి ఒక శత్రువు సైన్యంతో ఊరి మీదికి వచ్చాడు. రాజు సైన్యం కూడగట్టాలని ముందే బయటికి వెళ్లాడు. ఊళ్లో కల్లోలం. పెద్దగురువు కూడా ఊరు విడిచి వెళ్లిపోయాడు. శత్రువు ఊరిని కాల్చేశాడు. తిరిగొచ్చిన రాజు బూడిద చూసి, నువ్వు పారిపోయావని గురువును మళ్లీ వెళ్లగొట్టాడు.

"పారిపోయాడా దాదా?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. మాట వెతుక్కోవడం కాదది, నాకు తేడా తెలుసు.

"తెలీదు," అన్నారు. "నలభై ఏళ్లు... చెప్పాను. తెలీదు. భయం... ఉండొచ్చు."

గోడ మీద పటంలో పెట్టుకుని పూజించే మనిషి గురించి ఆ మాట అనడం నాకు వింతగా ఉంది. మా పాస్టరుగారైతే అనేవారు కాదు.

ఇంటాయనతో పోలీసు స్టేషన్‌కు వెళ్లడానికి నేను ఒప్పుకున్నాను. వెళ్లే ముందు రోజు మేడమ్ నన్ను పక్కకు తీసుకెళ్లింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అతను నిన్ను కొట్టాడని చెప్పు," అంది. "చెయ్యి వేశాడని చెప్పు. అలా చెబితే కేసు అతని మీదికి తిరుగుతుంది. నిన్ను మాకు వదిలేస్తాడు. నువ్వు వెళ్లిపోతే నాన్న మళ్లీ మాట మరిచిపోతారు."

అతను నన్ను కొట్టలేదు. ఇంటిపని వీసా మీద తెచ్చాడు, పాస్‌పోర్టు పెట్టుకున్నాడు, వస్తువును అద్దెకిచ్చినట్టు ఇచ్చాడు. కానీ చెయ్యి మాత్రం ఎత్తలేదు. అయితే ఆమె చెప్పిన దారి పనిచేస్తుందని నాకూ తెలుసు. ఆ మధ్యాహ్నం దాదాకు కాలు మర్దనా చేస్తూ అంతా చెప్పేశాను. కూతురు అలా చెప్పమందని కూడా చెప్పాను.

ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"ఆ ఉత్తరం," అన్నారు. "కోపంగా... రాశాడు. చాలా కోపం. కానీ... టోపీలు. బూట్లు. చూశావా? ఏం తీసుకున్నారో... ఒక్కొక్కటి. కొట్టారు అని... రాయలేదు. అందుకే... ఆరువందల ఏళ్లు... నమ్ముతున్నాం."

అంత పొడుగు మాట ఆయన అప్పటిదాకా మాట్లాడలేదు. చెప్పాక అలిసిపోయి నిద్రపోయారు. నేను ఆ కాలు పట్టుకుని అలాగే కూర్చున్నాను.

స్టేషన్‌లో ఆఫీసరు నడివయసు మనిషి, నెరుస్తున్న గడ్డం. కఫీల్ మా కంటే ముందే వచ్చి కూర్చున్నాడు, పాదాల దాకా ఉండే తెల్లని చొక్కా, దిష్‌దాషా, ఇస్త్రీ మడత నలగలేదు. నా పాస్‌పోర్టు బల్ల మీద అతని మోచేతి పక్కనే ఉంది. ఎనిమిది నెలల తర్వాత దాన్ని చూడడం అదే. ఆఫీసరు అరబ్బీలో అడగడం, ఇంటాయన ఇంగ్లీషులో నాకు చెప్పడం.

"నువ్వు పారిపోయావా అని అడుగుతున్నారు."

కఫీల్ నా వైపు చూడడం లేదు, కిటికీ వైపు చూస్తున్నాడు.

"ఈయనే నన్ను తన కారులో తెచ్చి వీళ్లింట్లో దింపాడు," అన్నాను. "ఆర్నెల్లని చెప్పాడు. ఆర్నెల్లు అయ్యాక వచ్చి హారన్ కొట్టాడు. నేను లోపలే ఉన్నాను, వినబడింది, రాలేదు. సలాలా వెళ్లడానికి భయం వేసింది. పెద్దాయన్ని వదిలి వెళ్లాలనీ లేదు. దాన్ని పారిపోవడం అంటారో లేదో మీరే చెప్పాలి."

ఇంటాయన ఒక్క క్షణం ఆగారు. నా మాట చెబితే ఆయన తప్పు కూడా బయటపడుతుంది. ఆయన అరబ్బీలో మెల్లగా, ఏమీ వదలకుండా చెప్పారు. కారు సంగతి చెప్పినప్పుడు కఫీల్ తల తిప్పాడు.

ఆఫీసరు అతన్ని అడిగాడు. నువ్వే దింపావా? అతను ఏదో చెప్పబోయి, ఇంటాయన ముఖం చూసి, అవునన్నాడు.

"నిన్నేమైనా చేశాడా? కొట్టాడా?" ఈసారి ఆఫీసరు హిందీలో నన్నే అడిగాడు.

ఇంటి దగ్గర మేడమ్ ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంటుంది.

"లేదు," అన్నాను.

కఫీల్ అప్పుడు నన్ను చూశాడు. ఆ చూపులో ఏముందో నేను చెప్పలేను.

ఆఫీసరు ముగ్గురినీ తిట్టాడు. వీసా ఇచ్చి మనిషిని ఇంకొకరికి అప్పగించిన వాడిది తప్పు, కాగితం లేకుండా పెట్టుకున్న వాళ్లది తప్పు, పిలిస్తే రానిదానిది తప్పు. కేసు నడిపితే ముగ్గురి మీదా నడుస్తుంది, మీలో మీరు తేల్చుకుని రండి అన్నాడు. బయట పార్కింగ్‌లో ఎండలో నిలబడి వాళ్లిద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. నేను కారులో కూర్చుని అద్దంలోంచి వాళ్ల చేతుల కదలిక చూస్తున్నాను. చివరికి ఇంటాయన వచ్చి తలుపు తీశారు.

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడు. కానీ నిన్ను మాకు వదలడు. వీసా రద్దు చేసి ఇంటికి పంపిస్తానంటున్నాడు. అంతకంటే చేయలేకపోయాను."

ఇంటాయన నేరుగా కళ్లలోకి చూసి చెప్పారు. లోపల పెడతారేమో, సలాలా పోవాలేమో అని నెలన్నరగా వణికిన దాన్ని, ఊరికి వెళ్లడమంటే సంతోషించాలి. ఏడుపొచ్చింది.

మేడమ్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేదని ఆమె అనుకుంటూ ఉండొచ్చు. నేనూ కొన్నిసార్లు అలాగే అనుకున్నాను. మూడో రోజు ఆమే వచ్చి, తన చేత్తో కలిపిన టీ ఇచ్చి, నాన్నకు ఏ మాత్ర ఎప్పుడు ఇవ్వాలో కొత్త నర్సు కోసం రాసిపెట్టమంది.

తొమ్మిది రోజులు మిగిలాయి. దాదా మధ్యాహ్నం గంటను రెండు గంటలు చేశారు. పొద్దున్న కూడా పిలిచేవారు.

పెద్దగురువు బయట చాలా ఏళ్లు గడిపాడు. తనను వెళ్లగొట్టిన రాజు చనిపోయాడు. అతని కొడుకు మళ్లీ పిలిచాడు. వెళ్లాడు. ఈసారి పదహారేళ్లు, చచ్చిపోయేదాకా అక్కడే.

"రెండుసార్లు గెంటేసిన ఊరికి ఎలా వెళ్లాడు దాదా?"

"పని," అన్నారు. "పని... అక్కడ ఉంది."

ఒకసారి ప్రపంచాన్ని గడగడలాడించిన ఇంకో దండు ఆ దేశం మీదికి వస్తుంటే, ఈయన దేవమాత పాత పటం ఒకదాన్ని మాస్కోకు తెప్పించి, జనాన్ని పోగేసి ప్రార్థన చేయించాడు. ఈసారి ఊరు విడిచి కదల్లేదు. దండు దారిలోనే వెనక్కి తిరిగిపోయింది. ఎందుకు తిరిగిందో కూడా తెలీదన్నారు దాదా, చరిత్ర మాస్టారు కాబట్టి. కానీ ఆ మాట అంటూ శిలువ గుర్తు వేసుకున్నారు, ఎడమచేత్తో.

ముసలితనంలో ఆయన ఊరి బయట రెండు చిన్న వాగులు కలిసేచోట, చుట్టూ అడవి ఉన్న పల్లెలో ఉండేవాడు. గ్రీకు పుస్తకాలు అక్కడివాళ్ల భాషలోకి మార్చేవాడు, తన చేత్తోనే నకళ్లు రాసేవాడు. ఆ రాత గురించి చెబుతుంటే దాదా కుడిచేతి వైపు చూసుకున్నారు. ఆ చెయ్యి దుప్పటి మీద కదలకుండా ఉంది. నేను దాన్ని తీసి నా ఒళ్లో పెట్టుకుని వేళ్లు సాగదీయడం మొదలుపెట్టాను, ఆ వేళకు చేయాల్సిన వ్యాయామమే అది.

చివరి రోజు కథ చిన్నది. చనిపోవడానికి నాలుగు రోజుల ముందు పెద్దగురువు ఒక ఉత్తరం రాశాడు. తనను శవపేటికలో పెట్టాక అందరి ముందూ చదవమన్నాడు. అలాగే చదివారు. అందులో తనకు కీడు చేసినవాళ్లందరినీ క్షమిస్తున్నానని రాశాడు. తాను ఎవరినైనా బాధపెట్టి ఉంటే క్షమించమని అడిగాడు, బతికున్నవాళ్లనూ చనిపోయినవాళ్లనూ కూడా. తాను విధించిన వెలి ఎవరి మీదైనా మిగిలి ఉంటే అది వదిలిపోవాలన్నాడు. విన్నవాళ్లు ఏడ్చారట. తర్వాత వచ్చిన గురువులు కూడా అలాంటి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారట.

"బూట్లు, టోపీలు లాక్కున్నవాళ్లను కూడానా?" అన్నాను.

"అందరినీ."

"మీరైతే చేస్తారా దాదా?"

ఆయన నవ్వలేదు. "తెలీదు," అన్నారు మూడోసారి.

బయలుదేరేటప్పుడు వంగి ఆయన చెంపకు చెంప ఆనించాను. ఆయన వాళ్ల భాషలో ఏదో అన్నారు. మేడమ్ అనువాదం చేయబోతే వద్దని చెయ్యి ఊపారు. అందువల్ల అదేమిటో నాకు తెలియదు. కడప అక్క గోడ దగ్గర నిలబడి, "పోయినంక ఫోన్ జెయ్ మే," అంది. అంతకంటే మాట్లాడితే ఇద్దరికీ కష్టమని ఆమెకు తెలుసు.

విమానాశ్రయంలో కఫీల్ నా పాస్‌పోర్టుతో వచ్చాడు. లోపలికి వెళ్లే తలుపు దాకా దాన్ని చేతికి ఇవ్వలేదు. చివరి నిమిషంలో మనసు మార్చుకుంటాడేమోనని నేను దాని మీది నుంచి చూపు తిప్పలేదు. అతని ముఖం కూడా స్థిమితంగా లేదు. అతని వేళ్లు పాస్‌పోర్టు అంచును తడుముతున్నాయి.

"ఆ రోజు కొట్టానని నువ్వు చెప్పి ఉండొచ్చు," అన్నాడు హిందీలో. "ఎందుకు చెప్పలేదు?"

"కొట్టలేదు కాబట్టి."

అతను నేల చూస్తూ అన్నాడు. "మళ్లీ కలుస్తామో లేదో. నా వల్ల కష్టం కలిగి ఉంటే మాఫ్ చెయ్." అక్కడివాళ్లు దూరం వెళ్లేవాళ్లను అలా అడగడం ఆచారమని నాకు తెలుసు. అతను ఆచారానికే అడిగాడో, నిజంగానే అడిగాడో తెలియదు.

నేను తల ఊపాను. అతను పాస్‌పోర్టు ఇచ్చాడు. క్షమించి తల ఊపానా, అది చేతికి రావాలన్న తొందరలో ఊపానా అని విమానంలో హైదరాబాద్ దాకా ఆలోచించాను. అబద్ధం ఎందుకు, ఎక్కువపాలు తొందరే. మిగతాది రావడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

తణుకులో పాత నర్సింగ్ హోమ్ వాళ్లే మళ్లీ తీసుకున్నారు. క్రిస్మస్ ముందు ఒకరోజు డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది. మేడమ్. ఒక్క నిమిషం అని ఎవరికో ఇచ్చింది. అవతల ఊపిరి వినబడింది. మాట రాలేదు. వార్డులో ఎవరో పిలుస్తున్నారు, నేను చెయ్యెత్తి ఆగమన్నాను. ఎంతసేపైనా కాచుకుని కూర్చోమని కదా నాకు నేర్పింది.

"పని... దొరికిందా?" అన్నారు దాదా.

"దొరికింది దాదా."

"మంచిది. ఇప్పుడు... నేను నడుస్తున్నాను. వంటింటి దాకా."

వంటింటి దాకా అంటే ఆయన గది నుంచి పదిహేడు అడుగులు. నేను ఆ ఇల్లు కళ్ల ముందు పెట్టుకుని, ఎక్కడ గోడ పట్టుకోవాలో, ఎక్కడ గుమ్మం ఎత్తుగా ఉందో ఆయనకు ఒకటొకటిగా చెప్పడం మొదలుపెట్టాను.